మేనల్లుడికి బర్కిట్ లింఫోమా అన్నారు: ఇది ఏ రకం? కుట్లు మానేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. మా చెల్లెలి కొడుక్కి ఎనిమిదేళ్లు, బరువు 22 కిలోలు. మూడు వారాలు కడుపునొప్పి, వాంతులతో బాధపడ్డాడు. మొదట నులిపురుగులన్నారు. తర్వాత ఇరవై నాలుగు గంటల నొప్పి అనుకున్నారు. చివరికి స్కానింగులో పేగులోకి పేగు దూరిందని తేలింది. ఆపరేషన్ చేసి కొంత పేగు తీసేశారు. బయాప్సీలో ‘బర్కిట్ లింఫోమా, స్పొరాడిక్’ అని వచ్చింది. కడుపులో ఇంకా గడ్డలున్నాయట, నీరు కూడా చేరిందట. ఎముక మజ్జ, వెన్నునీరు బాగానే ఉన్నాయన్నారు. ఎల్‌డీహెచ్ 1,900, యూరిక్ యాసిడ్ 8.9. కాగితం మీద స్టేజ్ 3 అని రాశారు. నాలుగు రోజుల్లో కీమో మొదలుపెట్టాలంటున్నారు. కుట్లు మానకుండా కీమో ఏమిటి, పండుగ వెళ్లాక చూద్దాం అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఇది ఆఫ్రికా పిల్లలకు దవడలో వచ్చే జబ్బని, మలేరియా వల్ల వస్తుందని నెట్‌లో చదివాను. బాబుకు రెండేళ్ల కిందట మలేరియా వచ్చింది. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించారు. ‘నా బిడ్డకు ఆ పరీక్షేమిటి’ అని చెల్లెలు ఏడ్చింది. అసలు ఇందులో ఎన్ని రకాలు? ఏ రకమైతే తగ్గుతుంది? బాబు చెల్లికి మూడేళ్లు, ఆ పాపకు అంటుకుంటుందా?

సమాధానం: ముందు పండుగ సంగతి తేల్చుకుందాం. ఆగవద్దు. మనిషికి వచ్చే క్యాన్సర్లలో ఇంత వేగంగా పెరిగేవి చాలా తక్కువ. బర్కిట్ కణాలు 24 నుంచి 48 గంటల్లో రెట్టింపవుతాయి. ఇంట్లోవాళ్లు అంటున్నట్టు పండుగ వెళ్లేదాకా ఆగితే ఇప్పుడున్న గడ్డ ఎక్కడిదాకా పోతుందో వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. ఈ రోజు బాగున్న మజ్జ, వెన్నునీరు అప్పటికీ బాగుంటాయన్న హామీ లేదు.

కుట్ల గురించి మీ భయంలో న్యాయం ఉంది. స్టెరాయిడ్లూ కీమో మందులూ పుండు మానడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి. అందుకే మొదటి వారం పూర్తి మోతాదు ఇవ్వరు. పిల్లల బర్కిట్‌కు ఎక్కువగా వాడే ఎల్‌ఎంబీ పద్ధతిలో తొలి వారాన్ని ‘కాప్’ అంటారు. శరీర వైశాల్యం చదరపు మీటరుకు సైక్లోఫాస్ఫమైడ్ 300 మి.గ్రా., విన్‌క్రిస్టిన్ 1 మి.గ్రా. ఒక్కొక్కసారి, ప్రెడ్నిసొలోన్ రోజుకు 60 మి.గ్రా. చొప్పున వారం రోజులు ఇస్తారు. 22 కిలోల పిల్లాడి వైశాల్యం సుమారు 0.85 చదరపు మీటర్లు కాబట్టి ప్రెడ్నిసొలోన్ రోజుకు 50 మి.గ్రా. దాకా పడుతుంది. వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షను కూడా ఈ వారంలోనే మొదలవుతుంది. గడ్డను నెమ్మదిగా కరిగించడం, పేగు అతుకుకు ఇంకో వారం గడువు దొరకడం, రెండూ దీనితో కుదురుతాయి. అసలు భారీ కోర్సు ఎనిమిదో రోజున మొదలవుతుంది. సర్జనూ ఆంకాలజిస్టూ ఒకసారి కూర్చుని మాట్లాడుకునేలా చూడండి. పేగు అతుకు కారడం లేదు, జ్వరం లేదు, బాబు కొంచెం కొంచెం తాగగలుగుతున్నాడు అంటే ‘కాప్’ ఆపడానికి కారణం మిగలదు.

ఇక రకాలకు వద్దాం. మీరు నెట్‌లో చదివింది తప్పు కాదు, అయితే అది మీవాడి జబ్బు గురించి కాదు.

ఉగాండాలోని కంపాలాలో, ములాగో ఆస్పత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ సర్జన్ పనిచేసేవారు. 1957లో దవడలు ఉబ్బిన ఒక పిల్లాడిని చూశారు. తర్వాత అలాంటి పిల్లలు వరుసగా కనిపించడంతో 1958లో వ్యాసం రాశారు. 1961లో పాత కారులో పదివేల మైళ్లు తిరిగి, ఏయే ఊళ్ల ఆస్పత్రుల్లో ఈ జబ్బు ఉందో మ్యాపు మీద గుర్తుపెట్టారు. వేడీ వానా బాగా ఉన్న చోట్లే జబ్బు కనబడింది. మలేరియా ఏడాది పొడవునా తీవ్రంగా ఉండే చోట్లూ అవే. అదే ఏడాది లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ గడ్డల ముక్కలు తెప్పించుకుని వెతికితే 1964లో ఒక వైరస్ దొరికింది. దాన్నే ఇప్పుడు ఎప్‌స్టీన్ బార్ వైరస్ అంటున్నాం. మొదటిదైన ‘ఎండెమిక్’ రకం ఇదే. భూమధ్యరేఖ ప్రాంతపు ఆఫ్రికా, పపువా న్యూగినీ దీని తావులు. నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువ. దవడ ఉబ్బడం, పళ్లు కదలడం, కన్ను ముందుకు పొడుచుకురావడం దీని తీరు. దాదాపు అన్ని గడ్డల్లోనూ ఆ వైరస్ కనబడుతుంది.

మలేరియా పాత్ర ఇక్కడే ఉంది. ఫాల్సిపారం మలేరియా పుట్టినప్పటి నుంచీ మళ్లీమళ్లీ వస్తుంటే బి కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) విశ్రాంతి లేకుండా పెరుగుతూ, తమ జన్యువులను కత్తిరించి అతికించుకుంటూ ఉంటాయి. వైరస్ ఆ కణాలను చావకుండా కాపాడుతుంది. ఎప్పుడో ఒకసారి కత్తిరింపు తప్పు చోట పడి, కణాన్ని పరుగెత్తించే మిక్ అనే జన్యువు 8వ క్రోమోజోము నుంచి 14వ దాని పక్కకు చేరుతుంది. అక్కడి నుంచి దానికి కళ్లెం ఉండదు. మన మన్యంలోనూ మలేరియా ఉంది, నిజమే. కానీ మీవాడికి ఒకసారి వచ్చి మందులతో తగ్గిన మలేరియాకు ఈ కథలో చోటు లేదు. దోమతెర కట్టలేదని చెల్లెలు తనను తాను తిట్టుకుంటుంటే ఆపమనండి.

రెండోది ‘స్పొరాడిక్’. ప్రపంచమంతటా, మన దేశంలోనూ, అక్కడొకరికి ఇక్కడొకరికి వచ్చేది. పిల్లలకూ యువకులకూ ఎక్కువ, అందులోనూ మగపిల్లలకు. దవడ కన్నా కడుపు దీని స్థానం. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట, అపెండిక్స్ పక్కనే మొదలవుతుంది. అందుకే అపెండిసైటిస్ అనుకోవడం, గడ్డను లాక్కుని పేగులోకి పేగు దూరడం జరుగుతుంటాయి. రెండేళ్లలోపు పిల్లల్లో పేగు దూరడం మామూలే. ఐదేళ్లు దాటిన పిల్లాడిలో అలా జరిగితే లోపల ఏదో గడ్డ ఉందనే అనుమానించాలి. మీ సర్జన్ తీసిన ముక్కను బయాప్సీకి పంపి మంచి పని చేశారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. పేగులో అదే చోట క్షయ గడ్డా వస్తుంది. బయాప్సీ లేకుండా క్షయ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దామనుకుంటే బర్కిట్ ఆ రెండు నెలలు ఇవ్వదు. కారణం తెలియకుండా స్టెరాయిడ్ వేస్తే ఇంకో ప్రమాదం: గడ్డ తాత్కాలికంగా కరిగి బయాప్సీ దేన్నీ తేల్చదు, కరిగిన చెత్త కిడ్నీలను మూసేస్తుంది. ఈ రకంలో సుమారు 20 నుంచి 30 శాతం గడ్డల్లోనే వైరస్ ఉంటుంది. స్పొరాడిక్ అంటే దవడకు రాదని కాదు, గొంతు టాన్సిల్ దగ్గరా మజ్జలోనూ కూడా రావచ్చు.

మూడోది రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవారికి వచ్చేది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఎక్కువ. అవయవ మార్పిడి తర్వాత ఏళ్ల తరబడి మందులు వాడేవారిలో కొందరికి వస్తుంది. విచిత్రమేమిటంటే హెచ్‌ఐవీ బాగా ముదిరాకే ఇది రావాలని లేదు. సీడీ4 (హెచ్‌ఐవీ దెబ్బతీసే తెల్ల రక్తకణాల) సంఖ్య 200 పైన ఉన్నవారికీ వస్తుంది, ఒక్కోసారి హెచ్‌ఐవీ ఉందని మొదట తెలిసేదే దీనివల్ల. లింఫ్ గ్రంథులు, మజ్జ, మెదడు పొరలు దీని చోట్లు. మీ చెల్లెలికి చెప్పాల్సింది ఇక్కడుంది. ఆ పరీక్ష ఎవరి నడతనూ అనుమానించి రాసింది కాదు. బర్కిట్ అని తేలిన ప్రతివారికీ, పసివాడికైనా ముసలివాడికైనా, చేస్తారు. ఒకవేళ పాజిటివ్ వస్తే హెచ్‌ఐవీ మందులు కీమోతోపాటే నడవాలి, అవి విన్‌క్రిస్టిన్‌తో తగాదా పడనివై ఉండాలి. రిటోనవిర్ ఉన్న మందులు విన్‌క్రిస్టిన్ విషాన్ని పెంచుతాయి, జిడోవుడిన్ మజ్జను ఇంకా అణుస్తుంది. కాబట్టి డాల్యుటెగ్రావిర్ వైపు మొగ్గుతారు. ఈ ఏర్పాటుంటే వాళ్లకూ అదే బలమైన కీమో ఇవ్వవచ్చు. హెపటైటిస్ బి పరీక్షా ఇలాంటిదే. రిటుక్సిమాబ్ (కీమోకు తోడుగా ఇచ్చే, బి కణాలను గురిపెట్టే మందు) వేశాక కాలేయంలో నిద్రపోతున్న ఆ వైరస్ లేస్తుంది. హెచ్‌బీఎస్ యాంటిజెన్ ఒక్కటే సరిపోదు, యాంటీ హెచ్‌బీసీ కూడా చేశారా అని అడగండి.

2022లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణ ఈ మూడు పేర్ల కన్నా, గడ్డలో వైరస్ ఉందా లేదా అన్న తేడాకే ఎక్కువ విలువిస్తోంది. ఏ దేశంలో పుట్టాడన్నది కాక కణం లోపల ఏం జరిగిందన్నది చూడాలని దాని ఉద్దేశం. అది సబబైన మార్పే అనుకుంటున్నాం. మీవాడి చికిత్స మాత్రం దీనివల్లా మారదు.

అంటే ‘ఏ రకమైతే తగ్గుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు రకంలో లేదు. జబ్బు ఎంత పాకింది, రక్తంలో ఎల్‌డీహెచ్ (గడ్డ ఎంత ఉందో సూచించే ఎంజైము) ఎంత, మెదడు పొరల్లోకి వెళ్లిందా అన్నవి కీమో బలాన్ని నిర్ణయిస్తాయి. స్టేజ్ 3 అంటే మూడో రకం అని ఎవరైనా చెప్పి ఉంటే మరచిపోండి, రెండింటికీ సంబంధం లేదు. పిల్లల్లో స్టేజ్ 1, 2 అంటే చిన్న జబ్బు, లేదా ఆపరేషన్‌లో మొత్తం తీసేయగలిగిన పేగు గడ్డ. కడుపులో విస్తారంగా ఉంటే 3. మజ్జలో లేదా మెదడు, వెన్ను ప్రాంతంలో ఉంటే 4. ఎల్‌ఎంబీ పద్ధతి దీన్ని మూడు గ్రూపులు చేస్తుంది. పూర్తిగా తీసేసిన గడ్డ ఎ గ్రూపు, రెండు కోర్సులతో సరి. మెదడు పొరల్లో జబ్బు ఉంటే, లేదా మజ్జలో 25 శాతం పైన క్యాన్సర్ కణాలుంటే సి గ్రూపు. మిగతాదంతా బి. మీరు రాసినదాన్ని బట్టి బాబు బి గ్రూపులోకి వస్తాడు. ల్యాబ్ పైహద్దుకు రెండింతలు దాటిన ఎల్‌డీహెచ్‌తో స్టేజ్ 3 కాబట్టి కీమోకు రిటుక్సిమాబ్ కలుపుతారు. ఇలాంటి పిల్లల మీద జరిగిన పెద్ద అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. జబ్బు తిరగబెట్టకుండా, ప్రాణాపాయం లేకుండా మూడేళ్లు దాటినవాళ్లు రిటుక్సిమాబ్ కలిపితే 93.9 శాతం, కలపకపోతే 82.3 శాతం. మన దగ్గర ఆ సంఖ్యను దించేవి జబ్బు కన్నా ఇన్ఫెక్షన్లు, మధ్యలో చికిత్స మానేయడం. రెండూ కొంతవరకు ఇంటివాళ్ల చేతిలో ఉన్నవే.

బయాప్సీ రిపోర్టును ఒకసారి తీసి చూడండి. సీడీ20, సీడీ10, బీసీఎల్6 పాజిటివ్, బీసీఎల్2 నెగెటివ్ లేక మరీ బలహీనం, టీడీటీ నెగెటివ్, కేఐ-67 95 శాతం పైన అని ఉండాలి. టీడీటీ పాజిటివ్ అయితే అది లింఫోబ్లాస్టిక్ అనే వేరే జబ్బు, దానికి రెండేళ్లకు పైగా సాగే వేరే చికిత్స. మిక్ జన్యువు చోటు మారిందా అని చూసే ఫిష్ పరీక్షకు పంపి ఉంటారు. సుమారు 80 శాతం మందిలో 8, 14 క్రోమోజోముల మధ్య మార్పిడి కనబడుతుంది, మిగతావారిలో 8వ దానికి 2తోనో 22తోనో. ఎనిమిదేళ్ల పిల్లాడిలో మిగతావన్నీ సరిపోతే ఫిష్ కోసం కీమో ఆపనక్కరలేదు. పెద్దవాళ్లయితే బీసీఎల్2, బీసీఎల్6 కూడా చూడాలి, అక్కడ బర్కిట్‌లా కనబడే మరో మొండి లింఫోమా ఉంది. పెద్దవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మామూలు లింఫోమాకిచ్చే ఆర్-చాప్ అనే కీమో బర్కిట్‌కు చాలదు. కోడాక్స్-ఎం/ఐవాక్, మోతాదు సర్దుతూ ఇచ్చే ఎపాక్-ఆర్ వంటి బలమైన కోర్సులు కావాలి.

మొదటి వారం గండం కీమో విషంతో రాదు, కణాలు ఒక్కసారిగా చచ్చినందుకు వస్తుంది. వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్, యూరిక్ యాసిడ్ రక్తంలోకి పొంగుతాయి, కాల్షియం పడిపోతుంది. కిడ్నీ మూసుకుంటుంది, పొటాషియం గుండెను ఆపేయగలదు. మీవాడి యూరిక్ యాసిడ్ ఇప్పుడే 8.9 ఉంది, అంటే మొదలయ్యేలోపే సగం దారిలో ఉన్నాడు. సెలైన్ చదరపు మీటరుకు రోజుకు 3 లీటర్ల చొప్పున, అంటే వాడికి దాదాపు 2.5 లీటర్లు, పొటాషియం కలపకుండా ఎక్కించాలి. మూత్రం గంటకు 85 మి.లీ. దాకా రావాలి. కొలిచే డబ్బా, కాగితం పెట్టుకుని మీరే రాయండి, వరుసగా రెండు గంటలు తగ్గితే నర్సుకు చెప్పండి. రక్తపరీక్షలు ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి చేస్తారు, ‘ఇన్నిసార్లు రక్తం తీస్తారా’ అని గొడవపడకండి.

యూరిక్ యాసిడ్‌ను గంటల్లో కరిగించే మందు రాస్‌బురికేజ్. లెక్క ప్రకారం కిలోకు 0.2 మి.గ్రా., కానీ ఖర్చు వల్ల చాలాచోట్ల 1.5 మి.గ్రా. వయల్ ఒకటి వేసి, అంకె చూసి మళ్లీ వేస్తారు, అది చాలాసార్లు సరిపోతుంది. ఇది వేసే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైము లోపం ఉన్న పిల్లాడికి ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అది వేశాక యూరిక్ యాసిడ్‌కు తీసే రక్తాన్ని ఐసులో పెట్టి పంపాలి. లేకపోతే గొట్టంలోనే మందు పనిచేస్తూ పోయి అంకె తప్పుగా తక్కువ వస్తుంది.

ఈ వారంలో చుట్టాలు ప్రేమతో తెచ్చే కొబ్బరినీళ్లు పిల్లాడి నోట పోయకండి. లీటరు కొబ్బరినీళ్లలో రెండు గ్రాముల పైచిలుకు పొటాషియం ఉంటుంది. అరటిపండు, బత్తాయి రసం, ఓఆర్ఎస్ కూడా డాక్టరు చెప్పేదాకా వద్దు. ఈ వారం గడిచాక కొబ్బరినీళ్లతో పేచీ లేదు.

ఏడో రోజు మళ్లీ స్కాను చేస్తారు. గడ్డ కనీసం 20 శాతం తగ్గకపోతే బలమైన సి గ్రూపు చికిత్సకు మారుస్తారు. తగ్గితే మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఉన్న కోర్సులు మొదలవుతాయి. బి గ్రూపులో అది చదరపు మీటరుకు 3 గ్రాములు, విరుగుడు లేకపోతే ప్రాణాంతకమైన మోతాదు. 24 గంటలకు ల్యూకోవోరిన్ అనే ఆ విరుగుడు మొదలుపెట్టి, రక్తంలో మందు స్థాయి చూస్తూ అది దిగేదాకా ఇస్తారు. ఈ కొద్ది రోజులూ గ్యాస్ మాత్ర (పాంటొప్రజోల్, ఒమెప్రజోల్), బ్రూఫెన్, సెప్ట్రాన్, అమాక్సిసిల్లిన్ వంటివి డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. అవి మెథోట్రెక్సేట్‌ను కిడ్నీలోంచి బయటకు పోనివ్వవు. మన ఇళ్లలో పాంటొప్రజోల్‌ను మందుగా ఎవరూ లెక్కపెట్టరు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాం. విన్‌క్రిస్టిన్ రక్తనాళంలోకే వెళ్లాలి, పొరపాటున వెన్నులోకి వెళితే మనిషి దక్కడు. మంచి యూనిట్లలో దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇస్తారు, వెన్ను ఇంజెక్షను ఉన్న సమయంలో ఆ గదిలోకే రానివ్వరు. మీ దగ్గర ఎలా చేస్తారో అడగడం మర్యాద తప్పడం కాదు.

కోర్సు మొదలైన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు అడుగంటుతాయి. చంకలో కాదు, నోట్లో పెట్టి చూసే థర్మామీటరు వాడండి. 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఒక్కసారి వచ్చినా, 100.4 గంటసేపు నిలిచినా ఎమర్జెన్సీయే. జ్వరం మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకండి, గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. అందుకే ఈ నాలుగు నెలలూ ఖమ్మం వెళ్లి రావడం కన్నా ఆస్పత్రికి దగ్గరలో గది తీసుకోండి. నోటి పుళ్లకు గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంట సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. అన్నం, పప్పు, ఉడికిన కూర వేడిగా పెట్టండి. బయటి చట్నీ, కోసి అమ్మే పండ్లు వద్దు. పసరు మందులు కాలేయాన్ని దెబ్బతీసి తర్వాతి కోర్సును వాయిదా వేయిస్తాయి. వాయిదా పడిన ప్రతి వారం ఈ జబ్బుకు లాభం.

మిగిలిన గడ్డ కోసం ఇంకో పెద్ద ఆపరేషన్ చేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, కీమోకు ఇంత తొందరగా కరిగే గడ్డకు కత్తి అక్కరలేదు. రేడియేషనూ మామూలుగా ఉండదు. ఖర్చు విషయంలో ఆరోగ్యశ్రీ కార్డు ముందే పెట్టించండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ చికిత్సలకు తెలిసిన చోట్లే. రిటుక్సిమాబ్‌కు దేశీయ రూపాలున్నాయి. హైదరాబాద్‌కే చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చింది. ఖరీదైన విదేశీ బ్రాండే కావాలని అప్పు చేయనక్కరలేదు. చికిత్స ముగిశాక తిరగబెడితే మొదటి ఏడాదిలోనే ఎక్కువగా తిరగబెడుతుంది, రెండేళ్లు దాటాక అరుదు. ఆ ఏడాది చెకప్‌లు ఒక్కటీ తప్పించకండి.

ఇక పాప సంగతి. ఇది అంటుకోదు. ఎప్‌స్టీన్ బార్ వైరస్ ఎంగిలి ద్వారా వ్యాపిస్తుంది గానీ, లోకంలో పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా అది ఎప్పుడో ఒంట్లోకి చేరిందే. అది వచ్చినవాళ్లందరికీ బర్కిట్ రాదు. అన్నాచెల్లెళ్లు ఒకే మంచం మీద పడుకోవచ్చు. జలుబో దగ్గో ఉన్న రోజు మాత్రం పాపను దూరంగా ఉంచండి, ఆ భయం పాపకు కాదు, బాబుకు. పల్స్ పోలియో ఆదివారం ఇంటికొచ్చినవాళ్లకు ఈ ఇంట్లో కీమో నడుస్తోందని చెప్పండి, పాపకు చుక్కలు వేయించకండి. చుక్కల్లోని బతికున్న వైరస్ పాప విసర్జన ద్వారా బాబుకు చేరవచ్చు. పాపకు పోలియో ఇంజెక్షను వేయించండి, మిగతా టీకాలు వేళకు వేయిస్తూనే ఉండండి. బాబుకు మాత్రం ఏ టీకా అయినా కీమో డాక్టరు రాసి ఇచ్చాకే.